హాస్కెలు భాషలో ప్రమేయములును క్రియాచిహ్నములును

"పాత పుస్తకముల బీరువా" అని యొకరు వ్రాసిరనుకొందము. పాతవి పుస్తకములా, బీరువాయా? మాటలలో నేమియు లోపము లేదు. అయినను "పాత" యను మాట దేనితో ముడిపడినదో తెలియక చదువరి సందేహించును. మన వ్యాకరణమునందు సమాసమునకు విగ్రహవాక్యము చెప్పించుట యిందులకే. ఏ మాట యే మాటతో ముందుగా గలియునో తెలిసినగాని యర్థము తేలదు. మనుష్యులు సందర్భమునుబట్టి యర్థమును గ్రహింతురు. కంప్యూటరు సందర్భము నెఱుగదు. దానికి ముందుగా నేర్పఱచిన నియమము లుండవలెను. ఆ నియమముల నది తప్పక పాటించును. మన మనస్సున నున్నది వేఱొకటియైనచో, అది మన మనస్సును జూడదు, వ్రాతనే చూచును.

హాస్కెలు అను కంప్యూటరు భాషను నేర్వ మొదలిడు విద్యార్థులను మిక్కిలి తికమకపెట్టున దీ విషయమే. ఇతర భాషలందు అడుగడుగునను గనబడు కుండలీకరణములు ఇందు గనబడవు. వింత చిహ్నములు మాత్రము పెక్కు గనబడును. కొందఱు రెండు పుటలు చదివి, ఇది మనకు గాదని విడిచిపెట్టుదురు. అట్లు విడువ నవసరము లేదు. ఒక్క నియమమును గట్టిగా బట్టుకొన్నచో తక్కినవన్నియు దాని వెంట వచ్చును. హాస్కెలునందు రెండు మాటల నడుమనుండు ఖాళీ జాగాయే యన్ని చిహ్నములకంటెను బలమైన చిహ్నము. మే మీ వ్యాసమున జెప్పదలచినది ఇంతియే. తక్కినదంతయు దీనికి వివరణము.

భాష పుట్టుక

ఈ భాషకు హాస్కెల్ బ్రూక్స్ కర్రీ యను అమెరికా తర్కశాస్త్రజ్ఞుని పేరు పెట్టబడినది. ఆయన 1900 లో జన్మించి 1982 లో మరణించెను. 1987 లో అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమున జరిగిన యొక సభలో, ప్రమేయములే ప్రధానముగాగల భాషలపై బరిశోధన చేయు పండితులు కొందఱు కలిసికొనిరి. పలువురు పలు విధములైన భాషలు నిర్మించుకొనుచుండుటకంటె, అందఱికిని ఉమ్మడిగా నొక భాష యుండుట మేలని వారు నిశ్చయించిరి. ఆ కృషికి ఫలముగా 1990 లో హాస్కెలు మొదటి నివేదిక వెలువడెను. పిదప "హాస్కెల్ 98" అనియు, "హాస్కెల్ 2010" అనియు స్థిరరూపము లేర్పడినవి. గ్లాస్గో విశ్వవిద్యాలయమున బుట్టిన కంపైలరు నేడు దీనికి ముఖ్యసాధనము. తమ తావున జొరబడు అవాంఛిత సందేశముల నడ్డుటకు హాస్కెలును వాడుచున్నట్లు ఫేస్‌బుక్ సంస్థవారు 2015 లో ప్రకటించిరి. కావున నిది పండితుల వినోదమునకు మాత్రమే పుట్టినదని తలపరాదు.

ఒక మాట ముందుగా జెప్పవలెను. హాస్కెలునందు ప్రమేయముల పేరులు రోమను లిపిలో వ్రాయుదురు. ఈ వ్యాసమున వానిని తెలుగు లిపిలో జూపుచున్నాము. చిహ్నములును, అంకెలును, వాని క్రమమును భాషలో నున్నట్లే యుండును.

ప్రమేయమును ప్రయోగించుట

ఒక విలువను గైకొని మఱియొక విలువ నిచ్చునది ప్రమేయము. ఆంగ్లమున దీనిని ఫంక్షన్ అందురు. ఒక సంఖ్యను రెట్టింపు చేయు ప్రమేయమును హాస్కెలునం దిట్లు వ్రాయుదుము:

రెట్టింపు అ = అ * 2

దీనిని 7 పై బ్రయోగింపవలెనన్నచో,

రెట్టింపు 7

అని వ్రాసిన జాలును. ఫలితము 14. గణితపుస్తకములందు ప్రమేయము పేరు ప్రక్కను విలువను గుండలీకరణములలో నుంచుట మన కలవాటు. హాస్కెలునం దవి యక్కఱలేదు. ప్రమేయము పేరు, పిదప ఖాళీ జాగా, పిదప విలువ: ఇదియే ప్రయోగము. రెండు విలువలు కావలసిన ప్రమేయమైనను ఇంతియే:

కూడు అ ఇ = అ + ఇ

కూడు 3 4

దీని ఫలితము 7. విలువల నడుమ గామా యుండదు.

ఇక అసలు సంగతికి వత్తము. సగము చేయు ప్రమేయ మొకటి వ్రాయుదము:

అర్ధము అ = అ / 2

ఒక విద్యార్థికి రెండు పరీక్షలలో 40, 60 మార్కులు వచ్చినవి. సగటు గట్టవలెను. తొందరలో నొక డిట్లు వ్రాసెననుకొందము:

అర్ధము 40 + 60

కంప్యూటరు ఆక్షేపింపదు, 80.0 అని యుత్తర మిచ్చును. రెండు మార్కులలో నెక్కువదానికంటెను సగటు ఎక్కువ యగుట యెట్లు? ఖాళీ జాగా కూడిక గుర్తుకంటె బలమైనది గావున, అర్ధము ముందుగా 40 తో గలిసినది, 20.0 వచ్చినది. పిమ్మట దానికి 60 చేరినది. మన మనుకొన్న యర్థము రావలెనన్న,

అర్ధము (40 + 60)

అని వ్రాయవలెను. అప్పుడు 50.0 వచ్చును. ఇందు గమనింపదగిన దేమనగా, మొదటి వ్రాతయందు కంపైలరు పట్టుకొనగలిగిన తప్పు లేదు. అది హాస్కెలు దృష్టిలో సరియైన వాక్యమే. సగటు ఇట్టి లెక్కతో మార్కుల పట్టికలోని కెక్కినచో, దానిని ఎవరో చూచి సందేహించువఱకు నట్లే యుండును. తప్పని చెప్పి నిలిచిపోవు పొరపాటుకంటె, ఉత్తరమిచ్చి యూరకుండు పొరపాటు అపాయకరము. అందుచేతనే యీ నియమమును మొదటి దినముననే నేర్వవలెను.

ఇదే బలము మనకు మేలును జేయును. సమ్ అను ప్రమేయము జాబితాలోని సంఖ్యలన్నిటిని గూడును. మూడు మార్కుల సగటునకు

సమ్ [60, 70, 80] / 3

అని వ్రాసిన జాలును. సమ్ ముందుగా జాబితాతో గలిసి 210 అగును, పిదప భాగహారము జరిగి 70.0 వచ్చును. ఇచ్చట గుండలీకరణములు పెట్ట నక్కఱలేదు.

చిహ్నములకు వరుసబలము

కూడిక, గుణకారము మొదలగువానిని సూచించు +, * వంటి గుర్తులను ఆపరేటరు లందురు; మేము క్రియాచిహ్నము లనుచున్నాము. ఇవియు నిజమునకు బ్రమేయములే. భేదమేమనగా, ఇవి రెండు విలువల నడుమ నిలుచును. ప్రతి చిహ్నమునకు 0 మొదలు 9 వఱకు నొక బలసంఖ్య యున్నది. ఎక్కువ సంఖ్యగలది ముందుగా దన ప్రక్క విలువలను బట్టుకొనును. ముఖ్యమైనవి యివి: ప్రమేయములను గూర్చు చుక్కకు 9; ఘాతమును దెలుపు ^ గుర్తునకు 8; గుణకార భాగహారములకు 7; కూడిక తీసివేతలకు 6; జాబితాలను గలుపు ++ గుర్తునకు 5; సమానత్వమును, హెచ్చుతగ్గులను పరీక్షించు ==, <, > గుర్తులకు 4; "మఱియు" అను నర్థముగల && గుర్తునకు 3; "లేక" అను నర్థముగల || గుర్తునకు 2; డాలరు గుర్తునకు 0. ఖాళీ జాగాతో జరుగు ప్రయోగము వీనియన్నిటికి బైన, పదవ మెట్టున నున్నదనుకొనవచ్చును.

బలము సమానమైనప్పు డేమగును? 10 - 4 - 3 అనుచో ఎడమనుండి కలియును. (10 - 4) - 3, అనగా 3. ఘాతము మాత్రము కుడినుండి కలియును. 2 ^ 3 ^ 2 అనగా 2 ^ (3 ^ 2); ఉత్తరము 512, గాని 64 గాదు. == మొదలగు పోలిక గుర్తులు ఎడమకును గలియవు, కుడికిని గలియవు. కావున 3 < 5 < 7 అని వ్రాసినచో గంపైలరు త్రోసిపుచ్చును; 3 < 5 && 5 < 7 అని వ్రాయవలెను.

వారముల లెక్క నొకటి చూతము. ఆదివారమునకు 0, సోమవారమునకు 1, ఈ క్రమమున శనివారమునకు 6 అనుకొందము. మంగళవారమునకు 2. దానికి అయిదు దినములు ముందు ఏ వారము? 2 లోనుండి 5 తీసివేసి, 7 చే భాగింపగా మిగులు శేషమును గనుగొనవలెను. శేషము నిచ్చు ప్రమేయము పేరు మోడ్.

(2 - 5) `మోడ్` 7

దీని ఫలితము 4, అనగా గురువారము. సరియే. కుండలీకరణములు లేక 2 - 5 `మోడ్` 7 అని వ్రాసినచో, మోడ్‌నకు బలము 7 గావున 5 తోడను 7 తోడను ముందుగా నదియే కలియును, 5 మిగులును, 2 లోనుండి 5 పోగా -3 వచ్చును. -3 అను వార మెచ్చటను లేదు.

పేరు చిహ్నమగుటయు, చిహ్నము పేరగుటయు

పై లెక్కలో మోడ్ ప్రక్కల నున్న చిన్న గుర్తులను బ్యాక్‌టిక్కు లందురు. పేరుగల ప్రమేయము సాధారణముగా ముందు నిలుచును. దానిని బ్యాక్‌టిక్కుల నడుమ నుంచినచో నది చిహ్నమువలె రెండు విలువల నడుమ నిలుచును. మోడ్ 17 5 అన్నను, 17 `మోడ్` 5 అన్నను ఉత్తరము 2 మాత్రమే. దీనికి విపర్యయముగా, చిహ్నమును గుండలీకరణములలో నుంచినచో నది పేరువలె ముందు నిలుచును: (+) 3 4 అనగా 3 + 4.

చిహ్నముతోపాటు ఒక విలువను మాత్రమే కుండలీకరణములలో నుంచుటయు గలదు. (/ 2) అనగా "ఇచ్చినదానిని 2 చే భాగించుట". (2 /) అనగా "2 ను ఇచ్చినదానిచే భాగించుట". మొదటిదానికి 10 నిచ్చిన 5.0, రెండవదానికి 10 నిచ్చిన 0.2 వచ్చును. విలువ యే ప్రక్క లోపించినదో ఆ ప్రక్కనే క్రొత్త విలువ చేరునని గుర్తుంచుకొనవలెను.

ఈ పద్ధతికి లొంగనిది తీసివేత గుర్తొక్కటే. (- 5) అనగా "5 తీసివేయుట" గాదు. ఋణసంఖ్యయగు -5 మాత్రమే. తీసివేయు ప్రమేయము కావలసినచో సబ్‌ట్రాక్ట్ 5 అని వ్రాయవలెను. ఋణసంఖ్యను ప్రమేయమున కిచ్చునప్పుడును జాగ్రత్త వలయును. గుర్తును దొలగించి పరిమాణము నిచ్చు అబ్స్ అను ప్రమేయము గలదు. అబ్స్ -5 అనినచో, అబ్స్‌లోనుండి 5 తీసివేయుమని కంపైలరు గ్రహించి తిరస్కరించును. అబ్స్ (-5) అని వ్రాయవలెను. అట్లే -3 `మోడ్` 7 అనినచో 3 `మోడ్` 7 ముందుగా జరిగి, దానికి ఋణచిహ్నము చేరి -3 వచ్చును. (-3) `మోడ్` 7 అనినచో 4 వచ్చును.

ఒక్కొక్క విలువగా నిచ్చుట

కూడు 3 4 అనుచోట రెండు ఖాళీ జాగాలున్నవి. రెండును సమానబలముగలవి గదా, ఏది ముందు? ప్రయోగము ఎడమనుండియే కలియును. కావున నది (కూడు 3) 4. అనగా కూడు 3 అనుటయే యొక ప్రమేయము. తనకిచ్చిన సంఖ్యకు మూడు చేర్చునది. దానికి 4 నిచ్చితిమి. హాస్కెలునందు బ్రతి ప్రమేయమును నిజమునకు ఒక్క విలువనే కైకొనును. ఇంకను విలువలు కావలసినచో, వానిని గైకొను మఱియొక ప్రమేయమును ఫలితముగా నిచ్చును. దాని జాతిని వ్రాయు విధమును దీనికి దగినట్లే యున్నది:

కూడు :: ఇంట్ -> ఇంట్ -> ఇంట్

ఇంట్ అనగా బూర్ణసంఖ్య. బాణపు గుర్తులు కుడినుండి కలియును. ఇది ఇంట్ -> (ఇంట్ -> ఇంట్) అని చదువవలెను. పూర్ణసంఖ్యను గైకొని, పూర్ణసంఖ్యనుండి పూర్ణసంఖ్యకు బోవు ప్రమేయము నిచ్చునని దీని భావము.

ఈ యూహను మోజెస్ షోన్‌ఫింకెల్ అను తర్కశాస్త్రజ్ఞుడు 1924 లో బ్రకటించిన వ్యాసమున వాడెను. పిమ్మట హాస్కెల్ కర్రీ దీనిని విస్తరింపజేసినందున, ఆయన పేరుమీదుగా నీ పద్ధతికి కర్రీయింగు అని పేరు గలిగెను. భాషకు బేరిచ్చిన యాతని పేరిలోని రెండవ భాగ మిట్లు భాషలోని ముఖ్యపద్ధతికిని దక్కినది.

దీని ప్రయోజనమేమి? ఒక తరగతిలో నందఱికి నైదేసి మార్కులు కలుపవలెననుకొందము. మ్యాప్ అను ప్రమేయము ఒక ప్రమేయమును జాబితాలోని ప్రతిదానిపై బ్రయోగించును.

మ్యాప్ (కూడు 5) [30, 42, 55]

ఫలితము [35, 47, 60]. "అయిదు కలుపుట" యను బనికి మఱియొక ప్రమేయమును బ్రత్యేకముగా వ్రాయ నక్కఱలేకపోయినది. కుండలీకరణము లెందుకు? అవి లేనిచో మ్యాప్ కూడు 5 అని యెడమనుండి కలిసి, కూడు వేఱుగను 5 వేఱుగను మ్యాప్‌నకు జేరును. 5 అనునది జాబితా గాదు, వాక్యము చెడును.

డాలరు గుర్తును చుక్కయు

"రాముని తమ్ముని కొడుకు" అని మనము తెలుగున నందుము. మొదట రాముడు, అతని తమ్ముడు, ఆ తమ్ముని కొడుకు. మాటలు వచ్చిన క్రమముననే యర్థమును బెరుగును. హాస్కెలునందు బ్రమేయము ముందు, విలువ వెనుక. కావున క్రమము తిరుగబడును:

కొడుకు (తమ్ముడు రాముడు)

కుండలీకరణములు తీసివేసినచో (కొడుకు తమ్ముడు) రాముడు అగును, అర్థము పోవును. ఇట్లు ప్రమేయములు నాలుగైదు చేరినప్పుడు వాక్యము చివర గుండలీకరణములు గుంపుగూడును. వాని లెక్క తప్పుట సులభము. ఈ బాధను దొలగించుటకే డాలరు గుర్తు ఏర్పడినది. అది చేయు పని క్రొత్తది గాదు. ఎడమనున్న ప్రమేయమును గుడినున్న విలువపై బ్రయోగించుట మాత్రమే. ఖాళీ జాగాయు నదియే చేయును గదా! కాని ఖాళీ జాగా అన్నిటికంటె బలమైనది, డాలరు అన్నిటికంటె బలహీనమైనది. ఆ బలహీనతయే దాని ప్రయోజనము. తనకు గుడివైపున నున్నదంతయు ముగియువఱకు నది వేచియుండును.

రెట్టింపు (కూడు 3 (రెట్టింపు 4))

రెట్టింపు $ కూడు 3 $ రెట్టింపు 4

ఈ రెండును ఒకటే. 4 రెట్టింపు 8. 3 కూడగా 11. అది రెట్టింపు కాగా 22. మన సగటు లెక్కయు అర్ధము $ 40 + 60 అని వ్రాసిన సరిపోవును.

చుక్క వేఱు. అది విలువపై బ్రయోగింపదు; రెండు ప్రమేయములను గూర్చి యొక క్రొత్త ప్రమేయమును జేయును. కొడుకు . తమ్ముడు అనగా "తమ్ముని కొడుకు" అను సంబంధము. ఎవరి తమ్ముడో యింకను జెప్పలేదు. కుడిదానిని ముందు, ఎడమదానిని పిదప జేయవలెను.

(రెట్టింపు . కూడు 5) 10

(కూడు 5 . రెట్టింపు) 10

మొదటిదాని ఫలితము 30, రెండవదాని ఫలితము 25. ఇందు గూడ ఖాళీ జాగా బలమును జూడుడు: కూడు 5 ముందుగా నొక ముద్దయైనది, ఆ ముద్దతోనే చుక్క కలిసినది. బయటి కుండలీకరణములు తీసి రెట్టింపు . కూడు 5 10 అనినచో, కూడు 5 10 ముందుగా 15 అగును. 15 ప్రమేయము గాదు గావున జుక్క దానిని గూర్పజాలదు. రెట్టింపు . కూడు 5 $ 10 అనినచో మరల 30 వచ్చును.

చదువు విధము

హాస్కెలులో దెలియని వాక్యము కంటబడినప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది: ఖాళీ జాగాతో ఏవేవి కలిసియున్నవి? రెండవది: మిగిలిన చిహ్నములలో నెక్కువ బలసంఖ్య దేనిది? మూడవది: సమానబలము గలవి ఎడమనుండి కలియునా, కుడినుండియా? ఈ మూడింటికి నుత్తరములు వ్రాసికొని, వాక్యమునకు గుండలీకరణములన్నియు నింపి మరల వ్రాయవలెను. ఇది సమాసమునకు విగ్రహవాక్యము చెప్పుటవంటిదే. పిదప రెండు రూపములను కంప్యూటరునకిచ్చి, ఫలితములు సమానమగునో కాదో చూడవలెను. ఒక చిహ్నము బలము తెలియనిచో, గ్లాస్గో కంపైలరుతో వచ్చు సంభాషణసాధనమున ":ఇన్‌ఫో" అని దాని యాజ్ఞారూపమున వ్రాసి, ప్రక్కను గుండలీకరణములలో నా చిహ్నము నుంచిన, బలసంఖ్యయు, కలియు దిక్కును అదియే చెప్పును.

సందేహమున్నచోట గుండలీకరణ మొకటి అదనముగా బెట్టుట దోషము గాదు. వ్రాసినవాడు దాచుకొన్న యర్థమును జదువువారు ఊహింపవలసిన పని లేకుండ వ్రాయుట యే భాషలోనైనను మంచి వ్రాతకు లక్షణము. డాలరును జుక్కయు నలంకారములుగా గాక, అర్థము తేటపడుచోట మాత్రమే వాడిన జాలును. రెండు పరీక్షల సగటును దప్పులేక కట్టగలిగిన బాలుడు, అదే శ్రద్ధతో బెద్ద లెక్కలను గూడ నమ్మకముగా వ్రాయగలడు.